పేరులోని ఎంట్రోపీ వేరు, చల్లబరిచే ఎంట్రోపీ వేరు: బహుమూలక మిశ్రమలోహాలతో అయస్కాంత శీతలీకరణ

ఐదారు లోహాలను ఇంచుమించు సమపాళ్లలో కలిపి కరిగిస్తే వచ్చేవాటిని హై ఎంట్రోపీ మిశ్రమలోహాలు అంటారు. ఎంట్రోపీ అంటే అక్రమం ఎంతుందో చెప్పే కొలత. అయస్కాంత క్షేత్రంతో చల్లబరచడం కూడా ఎంట్రోపీతో ముడిపడిన పనే. రెండు చోట్లా ఒకే మాట వినపడేసరికి, ఎంట్రోపీ ఎక్కువున్న లోహం ఎక్కువ చల్లదనం ఇస్తుందని అనుకోవడం సహజం. కానీ ఈ రెండు ఎంట్రోపీలకూ నేరుగా సంబంధం లేదు. ఐదు లోహాలు కలపడం వల్ల లాభం ఉన్నమాట నిజమే, అయితే అది మరో దారిలో వస్తుంది, దానికి మూల్యమూ చెల్లించాలి. ఎంత లాభం, ఎంత మూల్యం అన్నది లెక్క వేస్తేనే తేలుతుంది.

ముందు అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఫెర్రో అయస్కాంత పదార్థంలో ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర ఈ చిన్న అయస్కాంతాలు చెల్లాచెదురయ్యే స్థితికి, ఒకే దిశకు తిరిగే స్థితికి మధ్య ఊగుతుంటాయి. ఆ సమయంలో బయటి నుంచి క్షేత్రం ప్రయోగిస్తే అవి వరుసలోకి వస్తాయి, అయస్కాంత ఎంట్రోపీ తగ్గుతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే మొత్తం ఎంట్రోపీ మారడానికి వీల్లేదు కాబట్టి, తగ్గినంత మేరా స్ఫటిక జాలకం కంపనాల్లోకి చేరుతుంది. పదార్థం వేడెక్కుతుంది. ఆ వేడిని తీసేసి క్షేత్రాన్ని తొలగిస్తే కథ తిరగబడుతుంది, పదార్థం మొదటికన్నా చల్లబడుతుంది.

1917లో పియర్ వైస్, ఆగస్ట్ పికార్డ్ నికెల్‌లో దీన్ని గమనించారు. దాని క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర 1.5 టెస్లాకు (టెస్లా క్షేత్ర బలానికి కొలమానం) వచ్చిన మార్పు 0.7 డిగ్రీలు. 1920లలో పీటర్ డిబై, విలియం జియోక్ విడివిడిగా దీన్ని అతిశీతల స్థితులు సాధించే పద్ధతిగా ప్రతిపాదించారు. 1933లో జియోక్, మెక్‌డూగల్ గాడోలినియం సల్ఫేట్ లవణంతో 0.25 కెల్విన్ దాకా దిగారు. గది ఉష్ణోగ్రత దగ్గర యంత్రంగా పనిచేయించినది 1976లో జి.వి. బ్రౌన్. ఆయన గాడోలినియం పలకలతో, 7 టెస్లా క్షేత్రంలో, రెండు చివరల మధ్య 47 డిగ్రీల తేడా తెచ్చారు. 1997లో పెచార్‌స్కీ, ష్నైడ్‌నర్ గాడోలినియం-సిలికాన్-జర్మేనియం సమ్మేళనంలో గాడోలినియాన్ని మించిన ప్రభావం చూపించాక ఈ రంగం పరుగందుకుంది.

పదార్థాన్ని అంచనా వేయడానికి రెండు కొలతలు కావాలి. మొదటిది, ఉష్ణోగ్రత మారకుండా క్షేత్రం ప్రయోగించినప్పుడు ఎంట్రోపీలో వచ్చే తగ్గుదల. దీన్ని కిలోకి, ఒక్కో కెల్విన్‌కి ఇన్ని జౌల్స్ అని చెబుతారు. ఇక మీదట క్లుప్తంగా యూనిట్లు అందాం. రెండోది, వేడి బయటికి పోకుండా క్షేత్రం ప్రయోగించినప్పుడు ఉష్ణోగ్రతలో వచ్చే మార్పు. మొదటిదాన్ని ఉష్ణోగ్రతతో గుణించి విశిష్టోష్ణంతో భాగిస్తే రెండోది సుమారుగా వస్తుంది. గాడోలినియానికి 293 కెల్విన్ల దగ్గర 2 టెస్లాకు ఎంట్రోపీ తగ్గుదల 5 యూనిట్లు, విశిష్టోష్ణం దాదాపు 280. లెక్క వేస్తే 5 డిగ్రీల పైచిలుకు, నేరుగా కొలిచినా దగ్గరదగ్గర అంతే. కొత్త మిశ్రమలోహం ఏది వచ్చినా దాన్ని ఈ 5 యూనిట్లు, ఈ 5 డిగ్రీల పక్కన నిలబెట్టి చూడాలి.

రెండు ఎంట్రోపీల లెక్క

హై ఎంట్రోపీ అనే పేరు 2004 నాటిది. ఆ ఏడాది తైవాన్‌లో యే అనే శాస్త్రవేత్త బృందం, ఇంగ్లండ్‌లో కాంటర్ బృందం విడివిడిగా సమపాళ్ల మిశ్రమలోహాల మీద పత్రాలు ప్రచురించాయి. ఐదు రకాల పరమాణువులు ఒకే జాలకంలో ఏ స్థానంలో ఏది కూర్చోవాలో నియమం లేకుండా కలిసిపోతే, ఆ అమరికకు ఉండే ఎంట్రోపీ విలువ వాయు స్థిరాంకం 8.314ని 5 సహజ సంవర్గమానం 1.609తో గుణిస్తే వస్తుంది: మోల్‌కి 13.4 జౌల్స్. ఇనుము, కోబాల్ట్, నికెల్, క్రోమియం, మాంగనీస్ కలిసిన కాంటర్ మిశ్రమలోహానికి సగటు పరమాణు భారం 56. అంటే కిలోకి 239 యూనిట్లు. గాడోలినియం 2 టెస్లాకు ఇచ్చే 5తో పోలిస్తే కళ్లు తిరిగే అంకె.

అయితే ఈ 239లో ఒక్క యూనిట్ కూడా అయస్కాంతం చేతికి చిక్కదు. అది పరమాణువులు కూర్చున్న స్థానాలకు సంబంధించిన ఎంట్రోపీ. క్షేత్రం ప్రయోగించినంత మాత్రాన నికెల్ పరమాణువు లేచి కోబాల్ట్ స్థానంలోకి వెళ్లదు. గది ఉష్ణోగ్రతలో ఆ అమరిక గడ్డకట్టి ఉంటుంది, అది కదలాలంటే కొన్ని వందల డిగ్రీల వేడీ, గంటల తరబడి సమయమూ కావాలి. క్షేత్రం తిప్పగలిగేది పరమాణు భ్రామకాల, అంటే ఆ చిన్న అయస్కాంతాల దిశను మాత్రమే. గాడోలినియం పరమాణువు భ్రామకానికి 8 దిశలు సాధ్యం కనుక దాని అయస్కాంత ఎంట్రోపీ పరిమితి 8.314ని 8 సహజ సంవర్గమానంతో గుణిస్తే వచ్చే మోల్‌కి 17.3 జౌల్స్, అంటే కిలోకి 110 యూనిట్లు. అందులో 5 టెస్లాకు చేతికొచ్చేది సుమారు 10, పదోవంతు కూడా కాదు.

మరి ఐదు లోహాలు కలపడం దేనికి? అమరిక ఎంట్రోపీ చేసే మేలు పరోక్షమైనది. అది అనేక మూలకాలను విడిపోకుండా ఒకే ప్రావస్థలో, ఒకే స్ఫటిక నిర్మాణంలో ఉంచడానికి తోడ్పడుతుంది. ఒకే ప్రావస్థ నిలబడితే పాళ్లను అటూ ఇటూ జరుపుతూ క్యూరీ ఉష్ణోగ్రతను కావలసిన చోటికి తెచ్చుకోవచ్చు. రెండు మూలకాల మిశ్రమంలో ఒక మీట మాత్రమే ఉంటుంది, ఐదు మూలకాల్లో నాలుగు మీటలు. దృఢత్వం, తుప్పును తట్టుకునే గుణం, విద్యున్నిరోధం లాంటివి చెడకుండా క్యూరీ ఉష్ణోగ్రతను జరిపే అవకాశం అక్కడి నుంచే వస్తుంది.

ఐదు రేర్ ఎర్త్ లోహాలు: ఒక్కదాన్ని దగ్గరగా

ఈ రంగంలో తరచూ ఉదహరించే పదార్థం గాడోలినియం, డిస్ప్రోసియం, ఎర్బియం, హోల్మియం, టెర్బియం సమపాళ్ల కలయిక. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం 5 టెస్లాకు దీని ఎంట్రోపీ తగ్గుదల 8.6 యూనిట్లు, శీతలీకరణ సామర్థ్యం (దీన్ని ఎలా కడతారో తర్వాత చూద్దాం) కిలోకి 627 జౌల్స్. అయస్కాంత క్రమం మొదలయ్యేది 186 కెల్విన్ల దగ్గర.

ఆ 186 ఎక్కడి నుంచి వచ్చిందో చేత్తోనే లెక్క కట్టవచ్చు. రేర్ ఎర్త్ లోహాల్లో అయస్కాంత క్రమం ఏ ఉష్ణోగ్రతలో మొదలవుతుందో నిర్ణయించేది డి జెన్ గుణకం. అది గాడోలినియానికి 15.75, టెర్బియానికి 10.5, డిస్ప్రోసియానికి 7.08, హోల్మియానికి 4.5, ఎర్బియానికి 2.55. ఐదింటి సగటు 8.08. ఈ గుణకాన్ని మూడింట రెండో ఘాతానికి పెంచి 46తో గుణిస్తే భార రేర్ ఎర్త్ లోహాల క్రమ ఉష్ణోగ్రత సుమారుగా వస్తుందన్నది పాత అనుభవ సూత్రం. 8.08కి ఆ ఘాతం 4.03, దాన్ని 46తో గుణిస్తే 185. కొలిచిన విలువకు ఒక్క డిగ్రీ తేడా! ఐదు శుద్ధ లోహాల క్రమ ఉష్ణోగ్రతలను (293, 230, 179, 132, 85) కూడి ఐదుతో భాగించినా 184 వస్తుంది.

ఈ లెక్క చెప్పేది చాలా ముఖ్యం. ఈ మిశ్రమలోహంలో రహస్య శక్తి ఏదీ లేదు. ఐదూ దాదాపు ఒకే సైజు పరమాణువులు, రసాయన స్వభావమూ ఒకటే, షట్కోణ జాలకంలో సగటు మనిషిలా ప్రవర్తిస్తున్నాయి. మనం చేసినదల్లా పని జరిగే ఉష్ణోగ్రతను ఎంచుకోవడం. గాడోలినియం పాలు పెంచితే పైకి, ఎర్బియం పెంచితే కిందికి జరుగుతుంది. రూపకర్తకు ఇంతకన్నా మంచి వార్త ఉండదు, ఎందుకంటే కరిగించక ముందే ఫలితం అంచనాకు అందుతోంది.

మూల్యం ఎక్కడుందో కూడా ఈ పదార్థమే చూపిస్తుంది. హోల్మియానికి 17 దిశలు, డిస్ప్రోసియం, ఎర్బియాలకు 16 చొప్పున, టెర్బియానికి 13. సగటు కడితే మిశ్రమం అయస్కాంత ఎంట్రోపీ పరిమితి కిలోకి 133 యూనిట్లు, గాడోలినియం 110 కన్నా ఎక్కువ. అయినా 5 టెస్లాకు చేతికొచ్చింది 8.6, అంటే పరిమితిలో 6.5 శాతం లోపే. గాడోలినియం 9 శాతం ఇస్తోంది. కారణం, 186 కెల్విన్ల దగ్గర ఏర్పడే క్రమం ఫెర్రో కాదు, యాంటీఫెర్రో. పరమాణు భ్రామకాలు పొర పొరకూ దిశ మార్చుకుంటూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునే అమరికలో ఉంటాయి. క్షేత్రం ముందు ఆ అమరికను విరగ్గొట్టాలి, ఆ తర్వాతే వరుసలో పెట్టగలదు. విరగ్గొట్టే దశలో ఎంట్రోపీ తగ్గే బదులు పెరగవచ్చు కూడా. కాబట్టి 5 టెస్లా సూపర్ కండక్టింగ్ అయస్కాంతంతో బాగా కనిపించిన పదార్థం, శాశ్వత అయస్కాంతాలిచ్చే 1 లేదా 1.5 టెస్లాలో దాదాపు ఏమీ చేయకపోవచ్చు. మామూలు ఫెర్రో పదార్థంలో క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర ప్రభావం క్షేత్రం మూడింట రెండో ఘాతంగా పెరుగుతుంది కనుక 5 టెస్లా విలువను 0.45తో గుణిస్తే 1.5 టెస్లాకు అంచనా దొరుకుతుంది. యాంటీఫెర్రో పదార్థాలకు ఈ అడ్డదారి పనికిరాదు. తక్కువ క్షేత్రంలో కొలవక తప్పదు.

ఇనుము కుటుంబం దగ్గర కష్టం

రేర్ ఎర్త్ లోహాలు దొరకడం కష్టం, శుద్ధి చేయడం కష్టం. అందుకే ఇనుము, కోబాల్ట్, నికెల్, క్రోమియం, మాంగనీస్‌తోనే గది ఉష్ణోగ్రత పదార్థం చేయాలని చాలా ప్రయత్నాలు జరిగాయి. ఇక్కడ క్యూరీ ఉష్ణోగ్రతను జరపడం మరీ తేలిక, కాదు, ప్రమాదకరమైనంత తేలిక. ఇనుము, కోబాల్ట్, నికెల్ సమపాళ్ల మిశ్రమానికి క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 1000 కెల్విన్లు. అందులో అంతే పాలు క్రోమియం కలిపితే అది 100 కెల్విన్ల దగ్గరికి పడిపోతుంది. క్రోమియం భ్రామకాలు చుట్టూ ఉన్నవాటికి ఎదురు తిరగడమే కారణం. ఆ నాలుగింటికి పలేడియం చేరిస్తే మళ్లీ గది ఉష్ణోగ్రత దాటి పైకి వెళుతుంది.

క్రోమియం 0 నుంచి 25 శాతానికి పెరిగేసరికి 900 కెల్విన్ల పతనం అంటే, సగటున ఒక్క పరమాణు శాతానికి 36 కెల్విన్లు. పోత పోసిన ముద్దలో కొమ్మలు కొమ్మలుగా పెరిగే స్ఫటికాల నడిమికీ అంచుకీ మధ్య ఒకటి రెండు శాతం తేడా మామూలే. అంటే అదే ముద్దలో కొంత భాగం క్యూరీ ఉష్ణోగ్రత మరో భాగం కన్నా 50 డిగ్రీలు పైన ఉండవచ్చు. కొలిస్తే ఎంట్రోపీ మార్పు గీతలో శిఖరం వెడల్పుగా, పొట్టిగా వస్తుంది. దీన్ని చూసి, అనేక మూలకాల అక్రమం వల్ల విశాలమైన ఉష్ణోగ్రతా పరిధి వచ్చిందని రాసేయడం జరుగుతుంటుంది. పరమాణు స్థాయి అక్రమం వల్ల వచ్చిన వెడల్పు వేరు, సరిగా కలవకపోవడం వల్ల వచ్చిన వెడల్పు వేరు. తేడా తెలుసుకోవడానికి సులువైన మార్గం, అదే నమూనాను 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని రోజులు ఉంచి నీటిలో చల్లార్చి మళ్లీ కొలవడం. శిఖరం సన్నబడితే తప్పు కలయికదే.

ఈ కుటుంబానికి మరో పెద్ద లోటు విశిష్టోష్ణం. తేలికైన పరమాణువులు కావడంతో కిలోలో ఎక్కువ పరమాణువులుంటాయి, ఒక్కొక్కటీ తన వాటా వేడిని తీసుకుంటుంది. ఇనుము కుటుంబపు మిశ్రమాలకు గది ఉష్ణోగ్రతలో విశిష్టోష్ణం దాదాపు 450, గాడోలినియానికి దాదాపు 280. ఎంట్రోపీ తగ్గుదల 1 యూనిట్ ఉన్న ఇనుము మిశ్రమం 300 కెల్విన్ల దగ్గర ఎంత వేడెక్కుతుంది? 300ని 450తో భాగిస్తే 0.67 డిగ్రీ. ఈ మాత్రం మార్పుతో యంత్రం నడవదు. పంపు నష్టాలు, ఉష్ణమార్పిడి నష్టాలు దాన్ని మింగేస్తాయి. ఈ కుటుంబంలో సెకండ్ ఆర్డర్ పరివర్తన (ఒక్కసారిగా కాక క్రమక్రమంగా జరిగే మార్పు) ఉన్న పదార్థాలు శుద్ధ గాడోలినియం స్థానాన్ని తీసుకోలేవని చెప్పడానికి వెనుకాడాల్సిన పని లేదు.

దారి మరోచోట తెరుచుకుంది. మాంగనీస్, నికెల్, సిలికాన్ లేదా జర్మేనియం ఉన్న సమ్మేళనాల్లో స్ఫటిక నిర్మాణం షట్కోణం నుంచి ఆర్థోరాంబిక్‌కు ఒక్కసారిగా మారుతుంది. ఈ నిర్మాణ మార్పునూ అయస్కాంత మార్పునూ ఒకే ఉష్ణోగ్రతలో కలిపితే ఫస్ట్ ఆర్డర్ పరివర్తన, అంటే ఒక్కసారిగా జరిగే మార్పు వస్తుంది, ఎంట్రోపీ మార్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇనుము చేర్చి ఐదు మూలకాల మిశ్రమంగా మార్చి, ఆ రెండు మార్పులనూ గది ఉష్ణోగ్రత దగ్గరికి తేవచ్చని చూపించారు. అమరిక అక్రమం ఉన్నా పదునైన పరివర్తన సాధ్యమేనని దీంతో తేలింది. అయితే ఈ మార్పులో ఘనపరిమాణం రెండు మూడు శాతం మారుతుంది. పోత ముద్ద కొన్ని చక్రాలకే పగుళ్లిచ్చి పొడి అవుతుంది. పైగా వేడెక్కేటప్పుడూ చల్లబడేటప్పుడూ పరివర్తన వేర్వేరు ఉష్ణోగ్రతల్లో జరుగుతుంది. ఈ హిస్టరిసిస్ 10 డిగ్రీలుండి, క్షేత్రం దాన్ని 3 డిగ్రీలే జరపగలిగితే, మొదటి చక్రంలో కనిపించిన చల్లదనం రెండో చక్రంలో ఉండదు. మొదటిసారి క్షేత్రం పెట్టినప్పటి విలువ మాత్రమే చెప్పి ఊరుకున్న ఫలితాలను యంత్రం లెక్కలకు వాడకూడదు.

కరిగించేటప్పుడు జరిగే తప్పులు

ప్రయోగశాలలో ఎక్కువమంది వాడేది ఆర్క్ కొలిమి: నీటితో చల్లబడే రాగి పళ్లెం, ఆర్గాన్ వాయువు, టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్. పైన చెప్పిన రేర్ ఎర్త్ మిశ్రమం 10 గ్రాములు కావాలంటే గాడోలినియం 1.939, టెర్బియం 1.960, డిస్ప్రోసియం 2.004, హోల్మియం 2.034, ఎర్బియం 2.063 గ్రాములు తూచాలి. తూచే ముందే ముక్కల పైనున్న బూడిదరంగు ఆక్సైడ్ పొరను ఆకురాయితో గీకేయాలి. తూచాక గీకితే పాళ్లు మారిపోతాయి. కొలిమి లోపలి గాలి తీసి ఆర్గాన్ నింపడం కనీసం మూడుసార్లు చేయాలి. ఆ తర్వాత అసలు లోహం జోలికి పోకుండా ముందు పక్కనున్న టైటానియం ముక్కను ఒకటి రెండు నిమిషాలు కరిగించాలి, అది మిగిలిన ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. చల్లారాక టైటానియం వెండిలా మెరుస్తుంటే కొనసాగవచ్చు. పసుపు, నీలం ఛాయలు కనిపిస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు, అక్కడే ఆపేయాలి.

ముద్దను తిరగేసి నాలుగైదుసార్లు కరిగించడం తప్పనిసరి. రాగి పళ్లేన్ని తాకే అడుగు భాగం ఎప్పుడూ పూర్తిగా కరగదు కాబట్టి ఒక్కసారి కరిగించిన ముద్ద పైనొక మిశ్రమం, కిందొక మిశ్రమంగా ఉంటుంది. మాంగనీస్ ఉంటే మరో చిక్కు. అది ఆర్క్ వేడికి ఆవిరైపోతుంది, కొలిమి గోడల మీద నల్లటి మసిగా కనిపిస్తుంది. కాంటర్ మిశ్రమం 10 గ్రాముల ముద్దలో మాంగనీస్ 1.96 గ్రాములు. కరిగించాక ముద్ద 0.1 గ్రాము తగ్గిందనుకుందాం, అది దాదాపు అంతా మాంగనీసే. మొత్తం మీద ఒక శాతమే కదా అనిపిస్తుంది. కానీ మాంగనీస్ వాటాలో అది 5 శాతం, 20 పరమాణు శాతం కాస్తా 19.2 అయింది. అందుకే ముందుగానే రెండు నుంచి ఐదు శాతం అదనంగా వేస్తారు, ప్రతిసారీ కరిగించాక తూచి రాసుకుంటారు. ఆవిరయ్యే ముక్కలను కింద పెట్టి, తేలిగ్గా ఆవిరి కాని లోహాలతో కప్పి, ఆర్క్‌ను పైవాటి మీదే ఆడిస్తే నష్టం తగ్గుతుంది.

వేడిలో ఉంచి సరిచేసేటప్పుడు రేర్ ఎర్త్ మిశ్రమాలను నేరుగా క్వార్ట్జ్ గొట్టంలో పెట్టకూడదు. అవి క్వార్ట్జ్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటాయి, గొట్టం మసకబారి పెళుసవుతుంది. టాంటలం రేకులో చుట్టి పెట్టాలి. క్రోమియం ఎక్కువున్నవాటిని 700 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నెమ్మదిగా చల్లారిస్తే సిగ్మా ప్రావస్థ అనే పెళుసు ముక్కలు ఏర్పడే ప్రమాదం ఉంది, కనుక నీటిలో ముంచి చల్లార్చడమే మేలు. రాగి చేర్చిన మిశ్రమాల్లో రాగి స్ఫటికాల సందుల్లోకి విడిపోతుంది, ఇనుముకూ దానికీ పొసగదు. ఎక్స్ కిరణ వివర్తనంలో కొద్దిపాటి రెండో ప్రావస్థ తేలిగ్గా దాక్కుంటుంది, కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మూలకాల పటం తీయకుండా ఏక ప్రావస్థ అని రాయడం తొందరపాటు. బంతుల మిల్లులో పొడిగా కలిపే పద్ధతిలో ఉక్కు బంతులు అరిగి ఇనుము చేరుతుంది. గది ఉష్ణోగ్రతకు అయస్కాంతం కాని మిశ్రమంలో ఒక శాతం ఇనుము చేరినా, అది కొలతంతటా మొండిగా కనిపించే ఫెర్రో నేపథ్యాన్ని వదులుతుంది.

కొలతలోని మాయలు

ఎంట్రోపీ మార్పును చాలామంది నేరుగా కొలవరు. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో అయస్కాంతీకరణ వక్రరేఖలు గీసి, మాక్స్‌వెల్ సమీకరణంతో లెక్కకడతారు. సెకండ్ ఆర్డర్ పదార్థాలకు ఇది నమ్మదగినది. ఫస్ట్ ఆర్డర్ పదార్థాల్లో మాత్రం, ఒక వక్రరేఖకూ తర్వాతి వక్రరేఖకూ మధ్య నమూనాను పారా అయస్కాంత (భ్రామకాలు చెల్లాచెదురైన) స్థితికి వేడిచేసి జ్ఞాపకం చెరిపేయాలి. అలా చేయకపోతే పాత ఫెర్రో భాగాలు మిగిలి ఉండి, లెక్కలో సూదిలాంటి భారీ శిఖరం మొలుస్తుంది. అసాధ్యమైనంత పెద్ద విలువ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది కొలత వరుసనే. పరివర్తన ఏ రకమో తేల్చడానికి 2018లో స్పెయిన్‌లోని సెవిల్ బృందం మంచి సాధనం ఇచ్చింది: ఎంట్రోపీ మార్పు క్షేత్రంతో ఎన్నో ఘాతంగా పెరుగుతోందో చూడాలి, ఆ ఘాతం పరివర్తన దగ్గర 2 దాటితే అది ఫస్ట్ ఆర్డర్.

నమూనా ఆకారాన్నీ మరచిపోకూడదు. పలచటి పలకను క్షేత్రానికి అడ్డంగా పెడితే అది తన లోపలి క్షేత్రాన్ని తానే చాలావరకు తగ్గించుకుంటుంది, క్షేత్రం దిశలో పొడవుగా పెడితే తగ్గుదల దాదాపు ఉండదు. 5 టెస్లా దగ్గర ఈ తేడా అంతగా కనపడదు. 1 టెస్లా దగ్గర ఫలితం సగానికి సగం మారిపోవచ్చు.

ఇక శీతలీకరణ సామర్థ్యం అనే అంకె. శిఖరం ఎత్తును సగం ఎత్తు దగ్గరి వెడల్పుతో గుణించి దీన్ని కడతారు. బహుమూలక మిశ్రమాలు తమ గొప్ప చెప్పుకునేది ఎక్కువగా దీంతోనే. ఒక పదార్థం శిఖరం 10 యూనిట్లు, వెడల్పు 50 కెల్విన్లు అనుకుందాం. మరోదాని శిఖరం 2, వెడల్పు 250. రెండింటి లబ్ధమూ 500. కానీ రెండో పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గర ఒకటి రెండు డిగ్రీలకు మించి వేడెక్కదు. యంత్రంలో పదార్థపు ప్రతి పొర తన చుట్టూ కొద్ది డిగ్రీల పరిధిలోనే ఊగుతుంది. 250 కెల్విన్ల వెడల్పు దానికి అక్కరకు రాదు. 10 కెల్విన్ల పరిధిలో సగటు ఎంట్రోపీ మార్పు ఎంత అన్న లెక్క ఇంతకన్నా నిజాయితీగా ఉంటుంది.

యంత్రంలో పెడితే

అయస్కాంత శీతలీకరణ యంత్రంలో పదార్థం గొట్టంలో గుళికలుగానో పలకలుగానో ఉంటుంది. క్షేత్రం పెడతారు, పదార్థం వేడెక్కుతుంది. చల్లని చివర నుంచి వేడి చివరకు నీరు పంపుతారు, అది వేడిని మోసుకుపోతుంది. క్షేత్రం తీస్తారు, పదార్థం చల్లబడుతుంది. నీటిని వెనక్కి పంపుతారు, అది చల్లబడి చల్లని చివరకు చేరుతుంది. సెకనుకు ఒకటి నుంచి పదిసార్లు దాకా ఇదే జరుగుతుంది. గుళికలు సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల సైజులో ఉంటాయి.

ఇక్కడ బహుమూలక మిశ్రమాలకు ఒక అననుకూలత ఉంది, అక్రమం వల్ల వాటి ఉష్ణవాహకత తక్కువ, మీటరుకు కెల్విన్‌కు 12 వాట్ల స్థాయి. 0.3 మిల్లీమీటర్ల గుళికలో లోపలి వేడి పైకి చేరడానికి ఒక మిల్లీసెకను లోపే చాలు, కనుక సమస్య లేదు. ఒక మిల్లీమీటరు మందం పలకకు మాత్రం 30 మిల్లీసెకన్లు కావాలి. సెకనుకు 5 చక్రాలు తిరిగే యంత్రంలో నీరు పారే సమయమే 50 మిల్లీసెకన్లు కాబట్టి, పలక లోపలి భాగం తన చల్లదనాన్ని నీటికి పూర్తిగా ఇవ్వకుండానే చక్రం తిరిగిపోతుంది. అక్రమం వల్లే విద్యున్నిరోధం పెరిగి, మారే క్షేత్రంలో పుట్టే సుడి ప్రవాహాల వేడి తగ్గడం మాత్రం కలిసొచ్చే విషయం.

తేలని ప్రశ్న పొరలది. లాంథనం-ఇనుము-సిలికాన్ లాంటి పదార్థాల శిఖరం ఎత్తుగా, సన్నగా ఉంటుంది. అందుకే క్యూరీ ఉష్ణోగ్రత కొద్ది డిగ్రీల చొప్పున మారే ఎన్నో పొరలు పేర్చాలి. ఒక పొర రెండు డిగ్రీలు తప్పినా అక్కడ వరుస తెగుతుంది, ఆ పైపొరలన్నీ వృథా. మధ్యస్థమైన ఎత్తు, మధ్యస్థమైన వెడల్పు ఉన్న బహుమూలక మిశ్రమం అలాంటి తప్పును క్షమిస్తుంది, తక్కువ పొరలతో సరిపెడుతుంది. నీటికి తట్టుకోవడం కూడా చూడాలి. గాడోలినియం మామూలు నీటిలో తుప్పు పట్టి బూడిదరంగు బురద వదులుతుంది, తుప్పు నిరోధకాలు కలపకపోతే గుళికల సందులు పూడుకుపోయి పంపు మీద భారం పెరుగుతుంది. క్రోమియం బాగా ఉన్న మిశ్రమాలకు ఆ బెడద తక్కువ.

ఇప్పుడున్న పదార్థాలను బట్టి చూస్తే, రేర్ ఎర్త్ లోహాల బహుమూలక కలయికలకు సరైన చోటు గది ఉష్ణోగ్రత కాదు, హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చే 77 నుంచి 20 కెల్విన్ల మధ్య పరిధి. అక్కడ జాలకం విశిష్టోష్ణం బాగా పడిపోతుంది. పైన చెప్పిన భాగహారంలో కింది అంకె చిన్నదవుతుంది కాబట్టి అదే ఎంట్రోపీ మార్పు ఎక్కువ డిగ్రీలిస్తుంది. సూపర్ కండక్టింగ్ అయస్కాంతం ఎలాగూ ఉంటుంది కనుక 5 టెస్లా అందుబాటులోనే ఉంటుంది, యాంటీఫెర్రో అమరికను విరగ్గొట్టే క్షేత్రం కొరత ఉండదు. పోటీ మాత్రం గట్టిదే. 2020లో జపాన్ పరిశోధకులు మెషిన్ లెర్నింగ్ సాయంతో గుర్తించిన హోల్మియం డైబోరైడ్ 15 కెల్విన్ల దగ్గర 5 టెస్లాకు 40 యూనిట్లు ఇచ్చింది. శిఖరం ఎత్తులో దాని దరిదాపులకు వెళ్లడం బహుమూలక మిశ్రమాలకు కష్టం. అయితే 77 నుంచి 20 దాకా మెట్లు మెట్లుగా దిగాలంటే ఒక్క శిఖరం చాలదు. గాడోలినియం, టెర్బియం తగ్గించి హోల్మియం, ఎర్బియం, థూలియం పెంచుతూ పోతే సగటు డి జెన్ గుణకం కిందికి దిగుతుంది, పై మెట్లలో ఒక్కోదానికి సరిపోయే పాళ్లను ముందే లెక్కకట్టి కరిగించవచ్చు. థూలియం ఆర్క్ వేడికి మాంగనీస్ లాగే ఆవిరైపోయే లోహం కాబట్టి, దాన్ని అదనంగా తూచడం, ప్రతి ముద్దనూ మళ్లీ తూచి చూడడం మాత్రం మానకూడదు.